ఎక్కిన గేర్లోనే దిగాలి: పాత కారు యూరప్ ర్యాలీ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక చిన్న ముక్క రాశాను. 2018 జూన్‌లో నేనూ మా మేనల్లుడూ కలిసి 1991 మోడల్ వోల్వో 240 వేస్కుని జర్మనీలో హాంబర్గ్ నుంచి బయల్దేరి, నార్వే పైకొస దాకా వెళ్లి, బాల్టిక్ సముద్రం చుట్టూ తిరిగొచ్చాం అని. అంతే, ఒడిశాలో జయపురం నుంచి బరంపురం దాకా ఉత్తరాలే ఉత్తరాలు. పేర్లు వేయొద్దని కొంతమంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు, ఊరు మాత్రం రాస్తున్నా. ఒకే మాట నలుగురు అడిగితే కలిపి ఒక్కచోటే చెప్పాను.

జయపురం నుంచి టాక్సీ నడిపే తమ్ముడు: అన్నా, ర్యాలీ అంటే టీవీలో దుమ్ము లేపుకుంటూ పోయే రేసు కదా, ముప్పై ఏళ్ల కారుతో అదెలా? గెలిస్తే ఎంత ఇస్తారు?

రేసు కాదు తమ్ముడూ, ముందు అది బుర్రలోంచి తీసెయ్. స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరూ నిలబడరు. మేం వెళ్లిన దాన్ని బాల్టిక్ సీ సర్కిల్ అంటారు, దాని రూల్స్ విను. కారుకి కనీసం 20 ఏళ్లుండాలి, జీపీఎస్ వాడకూడదు, మోటార్‌వేలు, అంటే పెద్ద ఎక్స్‌ప్రెస్ హైవేలు ఎక్కకూడదు, పదహారు రోజుల్లో దగ్గరదగ్గర 7500 కిలోమీటర్లు తిరిగి మళ్లీ హాంబర్గ్ చేరాలి, ప్రతి టీమూ ఏదో ఒక మంచి పనికి కనీసం 750 యూరోలు పోగుచేసి ఇవ్వాలి. ప్రొఫెషనల్ డ్రైవర్లు ఎవరూ ఉండరు, బ్యాంకోళ్లు, టీచర్లు, పెళ్లై నెలైన జంటలు, తండ్రీకొడుకులు, అలాంటి వాళ్లే. కారు పాడైతే వెనకాల సర్వీస్ వ్యాన్ రాదు, నువ్వే దిగి చూస్కోవాలి, ఇందులో అసలు సంగతే అది.

ఇదొక్కటే కాదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. మంగోల్ ర్యాలీ 2004లో మొదలైంది, మొదటిసారి ఆరు టీములు బయల్దేరితే నాలుగు చేరాయి, దాంట్లో పెద్ద ఇంజను కారు కుదరదు, మన మారుతి 800 లాంటి బుల్లి బళ్లే. ఫ్రాన్స్‌లో కాలేజీ పిల్లలు 1997 నుంచి రెనో 4 అనే పాత కారు నిండా స్కూలు సామాను పెట్టుకుని మొరాకో దాకా తీస్కెళ్లి అక్కడి పిల్లలకి ఇచ్చొస్తారు. జర్మనీలో ఆల్గాయ్ అనే కొండ ప్రాంతం నుంచి జోర్డాన్ దాకా ఇంకోటి పెట్టారు. దాంట్లో కారు విలువ 1111 యూరోల 11 సెంట్లు దాటకూడదు, దాటితే కారుకి 20 ఏళ్లైనా నిండి ఉండాలి, రాత్రి బసకి 11 యూరోల 11 సెంట్లకి మించి పెట్టకూడదు, మొదటి బహుమతి ఒంటె! గెలిస్తే ఎంత అని అడిగావు కదా, డబ్బు కోసమైతే ఇది కాదు. కానీ నువ్వు రోజూ సుంకి ఘాటు దిగి సాలూరు వెళ్లొచ్చేవాడివి, నీకున్న చెయ్యి అక్కడి వాళ్లలో సగం మందికి లేదు, అది మనస్ఫూర్తిగా చెప్తున్నా.

రాయగడ నుంచి ఒక తండ్రి: మా అమ్మాయి జర్మనీలో ఎం.ఎస్. చదువుతోంది, వెళ్లి ఏడాదిన్నర అయ్యింది. క్లాస్‌మేట్స్ ముగ్గురు పాత కారు కొని ఇలాంటి ర్యాలీకి వెళ్దాం అంటున్నారట. అక్కడికెళ్లే ముందు ఇక్కడే లైసెన్స్ తీస్కుంది, బాగానే నడుపుతుంది. కానీ వాళ్లమ్మ ఏడుస్తోంది. పంపించమంటారా, వద్దంటారా?

బాబుగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాళ్లమ్మగారి భయం నాకు అర్థమవుతుంది, మా అక్క కూడా కొడుకుని పంపేటప్పుడు మజ్జి గౌరమ్మకి మొక్కుకుంది. పంపాలా వద్దా అనేది మీ ఇంటి మాట, ఇరవై నాలుగేళ్ల పిల్ల తన బతుకు తను చూస్కుంటూ పరాయి దేశంలో ఉంది అంటే సగం జవాబు అందులోనే ఉంది అనుకుంటా. నేను చెప్పగలిగింది వెళ్తే ఏం చూస్కుని వెళ్లాలి అన్నదే.

మొదటిది, చాలామందికి తెలీదు, మీ అమ్మాయికి చాలా ముఖ్యం: జర్మనీలో కాపురం పెట్టాక మన లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి పరీక్షలు రాసి, డ్రైవింగ్ చేసి చూపించి అక్కడి లైసెన్స్ తీస్కోవాలి. ఏడాదిన్నర అయ్యింది అన్నారు కాబట్టి ఇప్పుడు ఆమె మన రాయగడ ఆర్టీవో ఇచ్చిన ఓడీ-18 లైసెన్స్ పట్టుకుని స్టీరింగ్ ముట్టుకుంటే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద గొడవ అవుద్ది. లైసెన్స్ లేకపోయినా టీములో వెళ్లొచ్చు, మ్యాపు చూసే మనిషి డ్రైవరంత ముఖ్యం, జీపీఎస్ లేని చోట ఇంకా ముఖ్యం. కానీ అబద్ధం ఆడి స్టీరింగ్ మాత్రం పట్టకూడదు.

రెండోది, కారు ఎవరి పేరున ఉందో ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉందో కాయితం చూడమనండి. నలుగురూ తలా కొంచెం వేసి కొంటారు, పేరు ఒకడిదే ఉంటుంది, నడిపేవాళ్లంతా ఇన్సూరెన్స్‌లో రాసి ఉండాలి, ఓనరు పక్కన లేనప్పుడు నడపాలంటే వాళ్ల సంతకంతో ఒక కాయితం ఉంటే బోర్డర్ల దగ్గర మంచిది. రెండేళ్లకోసారి చేయించే ఫిట్‌నెస్ ఉంటుంది, అక్కడ అందరూ ట్యూఫ్ అంటారు, దాని తేదీ ర్యాలీ అయ్యేదాకా ఉండాలి. బండిలో ఎర్ర త్రికోణం, మెరిసే జాకెట్టు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా జర్మనీలో తప్పనిసరి. ఏ ఆపదొచ్చినా 112 కొడితే ఆ దేశాలన్నిట్లో పలుకుతారు.

మూడోది నిద్ర. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మేం నిజంగా భయపడింది దీనికే. ఆర్కిటిక్ వలయం దాటాక జూన్‌లో పొద్దు గుంకదు, నార్వే పైకొసన నార్త్ కేప్ దగ్గర మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు కిందకి దిగడు. మనకి పొద్దు వాలితే ఒళ్లే చెప్తుంది, ఇంక చాలు ఆపు అని. అక్కడ ఒళ్లు ఏమీ చెప్పదు. ఒక రాత్రి మా మేనల్లుడు నడుపుతున్నాడు, ఎండ ఏటవాలుగా పడుతోంది, సాయంత్రం అయిదు అనుకుంటున్నా, గడియారం చూస్తే ఒంటిగంట! వాడు పదకొండు గంటలుగా స్టీరింగ్ వదల్లేదు, అలిసిపోలేదు మామయ్యా అంటున్నాడు, కానీ రోడ్డు మీద తెల్ల గీత మీదకి చక్రం మెల్లగా వెళ్తోంది, మళ్లీ వెనక్కి లాగుతున్నాడు. అప్పుడే ఆపించేశాను. ఆ రోజు నుంచి రూల్ పెట్టుకున్నాం, రెండు గంటలకోసారి మనిషి మారాలి, రాత్రి తొమ్మిదికి తాళంచెవి నా జేబులోకి వచ్చెయ్యాలి, అద్దాలకి తువ్వాళ్లు కట్టి చీకటి చేస్కుని పడుకోవాలి. మీ అమ్మాయితో ఈ ఒక్కటీ ఒట్టు వేయించుకోండి. వాళ్లమ్మగారికి రోజూ ఒక టైముకి ఒక ఫోటో, ఒక ఊరి పేరు పంపమనండి. సిగ్నల్ లేని చోట్లు ఉంటాయి, ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.

గుణుపురం నుంచి డిప్లొమా స్టూడెంట్: సార్, ఇక్కణ్ణుంచి వెళ్లాలంటే వీసా, లైసెన్స్ ఏం కావాలి? ఎంతవుతుంది?

లైసెన్స్ సంగతి ముందు చెప్తా, అది తేలిక. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఇస్తారు, ఫారం 4ఏ, వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది, టూరిస్టుగా వెళ్లేవాడు దాన్ని మన లైసెన్స్‌తో కలిపి దగ్గర పెట్టుకోవాలి, ఒక్కటే ఉంటే చాలదు. దానికి పాస్‌పోర్టు అడుగుతారు, వీసా కూడా చూపించాలనే రూల్ 2021లో తీసేశారు.

వీసా అంటే షెంగెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు, ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, పైన సర్వీసు చార్జీ, కనీసం 30,000 యూరోలకి మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, వేలిముద్రలకి మనిషే వెళ్లాలి. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు, ఆఖరి పదిహేను రోజుల్లోకి రానివ్వకు. ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటావో ఆ దేశానికి అప్లై చెయ్యాలి, ఎక్కడ దిగుతావో దానికి కాదు. హాంబర్గ్‌లో మొదలు కదా అని జర్మనీకి పెడతారు, తీరా రాత్రులు లెక్కేస్తే జర్మనీలో మూడు, నార్వేలో అయిదు వస్తాయి. అందుకే కాగితం మీద రోజు రోజుకీ ఏ దేశమో రాస్కుని కూడు. నేను ర్యాలీకి ముందు పది రోజులు మా మేనల్లుడి దగ్గరే ఉన్నాను, కారు పని కూడా అప్పుడే చేశాం కాబట్టి నాకు జర్మనీయే అయ్యింది.

ఇంకోటి, రూటు షెంగెన్ దాటి బయటికెళ్లి మళ్లీ లోపలికి వచ్చేదైతే మల్టిపుల్ ఎంట్రీ కావాలి. మా వాళ్లలో కొన్ని టీములు ఫిన్లాండ్ నుంచి రష్యాలోకి వెళ్లి ఎస్టోనియాలో తేలాయి, వాళ్లకి రష్యా వీసా వేరే, ఇది వేరే. మేం అది పెట్టుకోలేదు, హెల్సింకిలో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో టాలిన్‌లో దింపేసింది.

ఎంతవుతుంది అంటే విమానం, వీసా, పెట్రోలు, తిండి, ఫెర్రీలు, ర్యాలీ ఎంట్రీ ఫీజు అన్నీ కలిపి చిన్న మొత్తం కాదు, అప్పు చేసి మాత్రం వెళ్లకు బాబూ. చదువైపోయి ఉద్యోగంలో పడ్డాక వెళ్లు. కారు అక్కడ కాపురం ఉన్నవాడి పేరు మీదే కొనాలి, టూరిస్టుగా వెళ్లినవాడు తన పేరున రిజిస్టర్ చేయించుకోడం చాలా కష్టం, కాబట్టి అక్కడ చుట్టమో స్నేహితుడో ఉన్నవాళ్లకే ఇది సులువు.

సునాబేడ నుంచి, హెచ్.ఏ.ఎల్. ఇంజన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన: ముప్పై ఏళ్ల కారు 7500 కిలోమీటర్లు ఆడాలంటే ఏ వరసలో చూశారు? ఇంజను విప్పారా? మీరు రాసిన ముక్కలో ఇదే లేదు.

సార్, మీలాంటి వారు అడిగారు అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాలి. ఇంజను విప్పలేదు. బాగా ఆడుతున్న ఇంజన్ని ర్యాలీ పేరు చెప్పి విప్పకూడదు అని నా నమ్మకం. మేం చూసింది ఆపేది, చల్లబరిచేది, రబ్బరు, ఈ వరసలోనే.

ఆపేది ముందు. మా మేనల్లుడు, బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి మామయ్యా, మొన్ననే ఫిట్‌నెస్ పాసయ్యింది, ప్యాడ్లు కొత్తవి అన్నాడు. నేను ఆయిల్ ఎప్పుడు మార్చావు అని అడిగా, బ్రేకాయిల్ కూడా మారుస్తారా అన్నాడు! వాడు కూర్చుని పెడల్ తొక్కాడు, నేను కిందన నిపిల్‌కి పైపు పెట్టి సీసాలోకి దింపా, నొక్కూ, వదులూ, నొక్కూ, వదులూ అంటూ నాలుగు చక్రాల దగ్గరా. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది కదా, మాకు వచ్చింది చింతపండు పులుసు. చిక్కగా, నల్లగా, అడుగున మడ్డి. వాడు దిగొచ్చి సీసా వెల్తురుకి పెట్టి చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మీకు తెలిసిందే, కానీ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నా. బ్రేకాయిల్ గాల్లో తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకాయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరక్కూడదు అని లెక్క, నీళ్లు పీల్చాక ఆ లెక్క 155కి పడిపోతుంది. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆపితే ఈ తేడా తెలీదు. పెద్ద దిగుడులో వరసపెట్టి తొక్కితే వేడెక్కి ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు పడతాయి, ఆయిల్ నొక్కుడు పడదు కానీ ఆవిరి నొక్కుడు పడుతుంది కదా, పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోతుంది. మా నాన్నగారు అంబాసిడర్ టాక్సీ తోలేవారు, జయపురం నుంచి సాలూరు. సుంకి పైన ఆపి, పాసింజర్లని దింపి టీ తాగమని, ఆయన చక్రాల దగ్గర వంగి వాసన చూసేవారు. కాలిన వాసన వస్తే అరగంట కదిలేవారు కాదు, ఎవరెంత తొందరపెట్టినా సరే. ఎక్కిన గేర్లోనే దిగాలిరా, బ్రేకు ఆఖరికి వాడాలి అనేవారు. నేను స్టీరింగ్ పట్టక ముందే నాకు వచ్చిన పాఠం అది.

అది నాకు ఎక్కడ పనికొచ్చిందో చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, కొండ మీద కాదు, సముద్రం కింద. నార్త్ కేప్ ఒక ద్వీపం మీద ఉంది, 1999 దాకా ఫెర్రీలో వెళ్లేవారు, ఆ ఏడాది దాదాపు 7 కిలోమీటర్ల టన్నెల్ వేశారు. అది నీటిమట్టానికి 212 మీటర్లు కిందకి దిగి మళ్లీ ఎక్కుతుంది. లోపలికి వెళ్లగానే ముక్కు కిందకి పెట్టేస్తుంది, బయట ఎంత వెల్తురో లోపల అంత మసక, చలి, గోడలు తడి, అద్దం మీద మంచు పట్టినట్టు మసకేసింది. మా ముందు వెళ్తున్న పాత వ్యాను బ్రేకు లైటు వెలిగింది వెలిగినట్టే ఉంది, మొత్తం దిగుడంతా. నేను థర్డ్‌లో వేసి వదిలేశా, చాలకపోతే సెకండ్. ఇంజను గుర్రుమంటూ పట్టుకుంది, కాలు పెడల్ మీద ఊరికే పెట్టి ఉంచా. అడుగుకి వచ్చి ఎక్కుడు మొదలయ్యాక మేనల్లుడు నా వైపు చూసి తాతయ్య పాఠమా అన్నాడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఒడిశా దాటితే సాలూరు, విశాఖపట్నం తప్ప ఏ ఊరూ చూడని మనిషి, 71 డిగ్రీల అక్షాంశం దగ్గర మా కారు ఆయన మాటమీద దిగింది. మన జయపురం 19 డిగ్రీల్లోపే ఉంది.

చల్లబరిచేది రెండో వరస. కూలంట్ మొత్తం మార్చాం, థర్మోస్టాట్ కొత్తది, ఫ్యాన్ బెల్టు కొత్తది, పాతది కూడా డిక్కీలో పెట్టుకున్నాం. రేడియేటర్ పెద్ద పైపులు రెండూ మార్చాం కానీ హీటరు పైపు వదిలేశాం, బాగానే కనబడింది. అదే పోయింది. ఫిన్లాండ్ పైన ఇనారి సరస్సు దాటాక ఇంజను వేడి చూపించే ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు కదిలింది, తియ్యటి వాసన వచ్చింది, పక్కకి తీసి ఆపేశా. వేడిమీదే కూలంట్ మూత తియ్యబోతున్న మేనల్లుణ్ణి చెయ్యి పట్టి లాగా. నలభై నిమిషాలు అలా కూర్చున్నాం, దోమలు ఎంతలా అంటే నోరు తెరవలేం, మన మల్కనగిరి దోమ దానికి సరిపోదు. ఇంతలో ఒక ముసలాయన ట్రాక్టర్ మీద వచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, మాకు ఫిన్నిష్ రాదు. బానెట్లోకి తొంగి చూశాడు, పైపు చివర క్లిప్ దగ్గర వేలెడు చీలిక చూపించాడు, జేబులోంచి కత్తి తీసి చీలిన మేర రెండంగుళాలు కోసేశాడు, మిగతా పైపు లాగితే అందింది, మళ్లీ ఎక్కించి క్లిప్ బిగించి చేత్తో రెండుసార్లు పీకి చూశాడు. డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. మా దగ్గర మామిడి తాండ్ర ఉంటే ఇచ్చా, వాసన చూసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నీళ్లు పోసుకుని బయల్దేరాం, ఆ పైపు అలాగే హాంబర్గ్ దాకా వచ్చింది. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

మూడోది రబ్బరు అన్నాను కదా, టైరు అరుగుదల కాదు టైరు వయసు చూడాలి, పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. మా కారు టైర్లు చూడ్డానికి కొత్తవే, అంకెలు చూస్తే పదకొండేళ్లు, అన్నీ తీయించేశాం. పెట్రోలు పైపులు కూడా చూడాలి. అక్కడ పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలిపింది ఒకటి, అయిదు శాతంది ఒకటి అమ్ముతారు, పాత కారుకి అయిదు శాతందే పోయించాం, కొంచెం ఖరీదు ఎక్కువ. ఇక్కడ మనకి ఇరవై శాతం వచ్చాక పాత బళ్ల పైపుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

బరంపురం నుంచి ఒక అమ్మ: మా వారూ నేనూ వెళ్దాం అనుకుంటున్నాం, ఆయనకి అరవై దాటాయి. నేను గుడ్డు కూడా తినను. తిండి, స్నానం, పడక ఎలా?

వదినగారూ, తప్పకుండా వెళ్లండి, మాతో పాటు డెబ్బై దాటిన జంట కూడా వచ్చింది. పడక విషయంలో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లో ఒక మంచి ఆచారం ఉంది, చట్టంగానో ఆనవాయితీగానో నడుస్తోంది, ఎవరి నేలైనా సరే పంట లేని చోట ఒక రాత్రి డేరా వేస్కోవచ్చు. నార్వేలో ఇంటికి 150 మీటర్ల దూరం ఉండాలి. కారు మాత్రం రోడ్డు దిగి లోపలికి తీస్కెళ్లకూడదు. స్నానానికి క్యాంపింగ్ స్థలాలు ఉంటాయి, వేడినీళ్లు వస్తాయి, రెండ్రోజులకోసారి అక్కడ దిగండి. జూన్ అని చీరమీద సన్న శాలువా పెట్టుకుని వెళ్లొద్దు, నార్త్ కేప్ దగ్గర గాలికి మన దేవమాలి కొండ మీద పుష్యమాసం గుర్తొచ్చింది.

తిండికి చిన్న గ్యాస్ స్టవ్, చిన్న కుక్కరు, బియ్యం, పెసరపప్పు, ఆవకాయ. అంతే, పదహారు రోజులు గడిచిపోయాయి. పాలు, పెరుగు, బంగాళాదుంపలు, రొట్టె ప్రతి ఊళ్లో దొరుకుతాయి. నార్వేలో లోఫోటెన్ దీవుల్లో మాత్రం మీకు కొంచెం ఇబ్బంది, ఎటు చూసినా కర్రల పందిళ్లు, వాటి మీద చేపలు. గోపాలపూర్ ఒడ్డున మనవాళ్లు ఉప్పు పట్టించి ఇసక మీద ఆరేస్తారు కదా, అక్కడ ఉప్పే వెయ్యరు, ఫిబ్రవరి నుంచి వేలాడదీస్తే ఆ చలిగాలికే కర్రలా ఎండిపోతాయి, జూన్‌లో దింపుతారు. నాకు ఆ వాసనకి ఇల్లు గుర్తొచ్చింది, మీరు అద్దాలు ఎత్తేస్కోండి.

పర్లాకిమిడి నుంచి ఒక మాస్టారు: ఇంత పెట్రోలు తగలేసి తిరిగొస్తే ఎవరికి ఉపయోగం? ఆ డబ్బేదో ఇక్కడి పిల్లలకే ఇవ్వొచ్చు కదా?

మాస్టారూ, ఈ ప్రశ్న నేనూ వేస్కున్నాను. పెట్రోలు కాలింది నిజమే, అది కాదనను. మా 750 యూరోలు మేం ఒక పిల్లల ఆస్పత్రికి ఇచ్చాం, పైన ఇంకొంచెం కూడా పోగయ్యింది, తిరగకుండానే ఇవ్వొచ్చు అన్నది కూడా నిజమే. కానీ ఇరవై ఆరేళ్ల కుర్రాడు, పుట్టినప్పటి నుంచీ చేత్తో ఒక నట్టు తిప్పనివాడు, ఒక పాత యంత్రాన్ని తుక్కులోకి పోనివ్వకుండా నిలబెట్టడం నేర్చుకున్నాడు. మ్యాపు మడిచి చదవడం, దారి తప్పితే మనిషిని అడగడం నేర్చుకున్నాడు. లాత్వియాలో ఒకావిడ మాకు దారి చెప్పడానికి తన సైకిల్ మీద రెండు కిలోమీటర్లు ముందు తొక్కింది. ఇది చదువు అనే నేను అనుకుంటా మాస్టారూ, ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి, మీ ఉత్తరం వేస్తాను.

కోరాపుట్ నుంచి: మా ఇంట్లో 1984 అంబాసిడర్ ఉంది. దాన్నే యూరప్ తీస్కెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కార్నె అనే పుస్తకం ఉంటుంది, బండికి పాస్‌పోర్టు లాంటిది, దారిలో చాలా దేశాలు అది అడుగుతాయి, ముంబైలో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు ఇస్తారు, డిపాజిట్ కట్టాలి. ఓడలో పంపే ఖర్చు బండి ధర దాటిపోతుంది. స్టీరింగ్ మనకి కుడివైపు, రోడ్డు వాళ్లకి కూడా కుడివైపే కాబట్టి ముందున్న లారీని దాటాలంటే పక్కన కూర్చున్నవాళ్లు తల బయటపెట్టి చూసి చెప్పాలి, ఆ మనిషి మీద పూర్తి నమ్మకం ఉండాలి. మంచి సంగతేంటంటే అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డే, అక్కడ పాతకార్ల పిచ్చి ఉన్నవాళ్లు చూసి ఆగిపోతారు. ఉల్టా దారిలో వచ్చినవాళ్లూ ఉన్నారు, 1968లో లండన్ నుంచి సిడ్నీ దాకా ర్యాలీ పెడితే ఆ కార్లు మన ఢిల్లీ, బొంబాయి మీంచి వెళ్లాయి, బొంబాయిలో ఓడెక్కాయి. మీ బండి మొదట ఇక్కడే ఒక వెయ్యి కిలోమీటర్లు తిప్పి చూడండి, కింద జవాబులో చెప్పిన దారి మీకు కూడా పనికొస్తుంది.

సెమిలిగుడ నుంచి నలుగురు స్నేహితులు: అన్నయ్యా, యూరప్ ఇప్పట్లో కుదరదు. ఇక్కడే అలాంటిది మేం చేస్కోవాలంటే ఎలా?

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. నలుగురూ కలిసి ఒక పాత బండి తీస్కోండి, పదిహేనేళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయో లేదో మొదట చూడండి. ఫోన్లు డిక్కీలో పెట్టేసి, ఆపదకి ఒక్కటి ఆన్‌లో ఉంచండి. పేపరు మ్యాపు తీస్కుని కోరాపుట్, లక్ష్మీపూర్ మీదుగా రాయగడ, అక్కణ్ణుంచి గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి. అక్కడ రాత్రి పడుకుని తెల్లారి ఆర్. ఉదయగిరి, మోహనా మీదుగా తప్తపాణి ఘాటు దిగి బరంపురం. తప్తపాణి వేడినీళ్ల దగ్గర ఒక గంట ఆగండి, చక్రాలు కూడా చల్లారతాయి. దారి ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి, సవర ఊళ్లలో చేతులతో ఒకసారి అడగాల్సి వస్తుంది, అడగండి. వానాకాలం పెట్టుకోవద్దు, ఆవులు తారు మీదే పడుకుంటాయి. నార్వేలో రెయిన్‌డీర్లు కూడా అచ్చం అంతే, హారన్ కొడితే లేవవు, ఆగి దిగాల్సిందే, వాటికి కూడా ఓనర్లు ఉంటారు.

బయల్దేరే ముందు బ్రేకాయిల్ మార్పించండి. ఇక్కడ ఒక షెడ్డులో నాకు మార్చాం అని బిల్లు రాసిచ్చారు, ఇంటికొచ్చి మూత తీసి చూస్తే పాతదే, అందుకే దగ్గరుండి సీసాలో రంగు చూస్కోండి. తిరిగొచ్చాక ఎక్కడ ఆగిపోయారు, ఎవరు బాగుచేశారు, అన్నీ రాసి పంపండి, వచ్చే నెల ఈ పేజీ మీదే.